యాభయ్యా, ముప్ఫై అయిదా?

మా శీర్షికకు వచ్చే జాబులలో కొంతకాలంగా కెమేరాను గురించినవి ఎక్కువయ్యాయి. ఊళ్లు వేరైనా ప్రశ్న ఒకటే. "అబ్బాయి కెమేరా కొన్నాడు. దానితోపాటు వచ్చిన జూమ్ లెన్సుతో ఇంట్లో తీస్తే బొమ్మలు చెదిరిపోయి వస్తున్నాయి. మంచి లెన్సు ఒకటి కొందామంటే అందరూ యాభై కొనమంటున్నారు. మీరేమంటారు?" అని. ఒక్క లెన్సుకే డబ్బు కూడబెట్టుకున్న ఇళ్లవారి ప్రశ్న ఇది. రెండేసి కొనుక్కోగలవారికి మా సలహాతో పని లేదు. అందుచేత జవాబు కొంచెం వివరంగానే వ్రాస్తున్నాము.

మేమనేది ముందే చెప్పేస్తాము. మీ గది పొడవు కొలవకుండా యాభై కొనవద్దు.

బొమ్మ చెదరడం సంగతి తేలిక. కెమేరాతో వచ్చే 18-55 జూమ్ లెన్సును 35 దగ్గర పెడితే దాని ద్వారం సుమారు ఎఫ్ 4.5 కంటే ఎక్కువ తెరుచుకోదు. అదే 35 గల ప్రైమ్ లెన్సు, అనగా జూమ్ లేక ఒకే కొలతకు కట్టుబడిన లెన్సు, ఎఫ్ 1.8 దాకా తెరుచుకుంటుంది. లోపలికి వచ్చే వెలుతురు ఆరు రెట్లు. సెకనులో పదోవంతు పట్టే బొమ్మ అరవయ్యోవంతులో అయిపోతుంది. సాయంకాలపు దీపం వెలుగులో నాయనమ్మ తల తిప్పేలోగా బొమ్మ పడిపోతుందన్నమాట. కనుక ప్రైమ్ లెన్సు కొనాలన్న కోరిక మంచిదే. అయితే జూమ్ లేదు గనుక ముందుకూ వెనక్కూ జరగవలసింది మన కాళ్లే. వెనుక గోడ ఉంటే కాళ్లు ఎక్కడికి పోతాయి?

యాభైకి ఇంత పేరు ఎలా వచ్చిందంటే, 1925లో జర్మనీలో లైకా కెమేరా అమ్మకానికి వచ్చినప్పుడు దానికి ఉన్నది 50 మిల్లీమీటర్ల లెన్సే. ఫిల్ము మీద పడే బొమ్మ వెడల్పు 36 మిల్లీమీటర్లు, ఎత్తు 24. ఆ కొలతకు యాభై చక్కగా అమరింది. చూపు మరీ విశాలమూ కాదు, మరీ ఇరుకూ కాదు. ఆ తరువాత దశాబ్దాల తరబడి ఫిల్ము కెమేరాలలో చాలావాటికి యాభయ్యే జత. పేరు అలా నిలిచిపోయింది. ధర కూడా చవకే.

మన ఇళ్లలోకి వచ్చే కెమేరాలు చాలావరకు క్రాప్ సెన్సారువి. నికాన్, సోనీ, ఫ్యూజీలలో ఈ సెన్సారు వెడల్పు సుమారు 23.5 మిల్లీమీటర్లు, ఎత్తు 15.6. కానన్‌లో ఇంకా కొంచెం చిన్నది. పటాలు కట్టే అంగడివాడు పెద్ద బొమ్మను చిన్న చట్రంలో బిగించడానికి చుట్టూ అంచులు కత్తిరిస్తాడు చూడండి, ఇక్కడ జరిగేదీ అదే. లెన్సు మారలేదు. దాని నాభ్యంతరం ఆ యాభయ్యే. అంచులు మాత్రం పోయాయి. పాత ఫిల్ము లెక్కలోకి మార్చాలంటే 1.5 చేత, కానన్ అయితే 1.6 చేత హెచ్చవేయాలి. యాభై కాస్తా 75 లేక 80 అయి కూర్చుంటుంది. ఆ పాత యాభై చూపు కావాలంటే ఇప్పుడు కొనవలసింది 35. చిన్న సెన్సారు కోసమే చేసిన లెన్సు గదా, దాని మీది అంకెను హెచ్చవేయనక్కర లేదేమోనని కొందరి అనుమానం. వేయవలసిందే. లెన్సు మీద చెక్కేది ఎప్పుడూ అసలు నాభ్యంతరమే.

ఇక అడుగులలోకి వద్దాము. పది అడుగుల దూరాన నిలబడి కెమేరాను అడ్డంగా పట్టుకుంటే యాభైలో నాలుగు ముప్పావు అడుగుల వెడల్పు పడుతుంది. 35లో ఆరు ముప్పావు. 24లో దాదాపు పది. కానన్ వారు వీటిలో కొంచెం తగ్గించుకోవాలి. బొంబాయి చాల్‌లో పదడుగుల గది అనుకోండి. తీసేవారి వీపు, కూర్చున్నవారి కుర్చీ పోగా మిగిలేది ఎనిమిది అడుగులు. అక్కడ యాభైతో ఇద్దరు భుజాలు రాసుకుని కూర్చుంటే సరి, మూడోవారికి చోటు లేదు. 35తో ముగ్గురు, సర్దుకుంటే నలుగురు. 24తో అయిదుగురు. అంతకంటే ముఖ్యం, వారి వెనుక గోడ, గూట్లో దేవుడు, కిటికీ కూడా వస్తాయి.

మా పట్టుదలకు కారణం ఇక్కడే ఉన్నది. మూడు నాలుగు తరాల క్రితం తరలివచ్చిన మన కుటుంబాలలో ముత్తాతల ఫొటో అంటే ఏమిటి? స్టూడియోలో తీయించిన ఒకే ఒక్క బొమ్మ. వెనుక రంగుల తెర, చేతులు మోకాళ్ల మీద, నవ్వు లేదు. షోలాపురంలో పద్మశాలీల ఇంట్లో మగ్గం ఏ మూల ఉండేది, పొయ్యి ఎటు తిరిగి ఉండేది, అవ్వ ఎక్కడ కూర్చుని కూర తరిగేది, ఆ బొమ్మ చెప్పదు. ముఖం మిగిలింది, ఇల్లు మిగలలేదు. ఇప్పుడు చేతిలో కెమేరా ఉండి, చిన్న గదిలో యాభై పట్టుకుని నిలబడితే మళ్లీ అదే జరుగుతుంది. వెనుక అందమైన మసక, మధ్యన ముఖం. పెళ్లిమండపంలో తలంబ్రాలు తీయడానికి డబ్బిచ్చి పిలిచిన ఫొటోగ్రాఫరు ఉంటాడు. వంటింట్లో అరిసెలు వత్తుతున్న అమ్మమ్మను తీయడానికి మీరు తప్ప ఎవరూ లేరు.

యాభైని మేము తక్కువ చేయడం లేదు. ముఖచిత్రానికి దానికి సాటి లేదు. నాలుగు అడుగుల పైచిలుకు దూరంలో నిలబడి, కెమేరా నిలువుగా పట్టుకుంటే తలా భుజాలూ నిండుగా వస్తాయి. అదే బొమ్మ 24తో కావాలంటే రెండు అడుగుల దగ్గరకు పోవాలి. అంత దగ్గరనుంచి ఎవరి ముక్కైనా ఉన్నదానికంటే పెద్దదిగానే కనబడుతుంది. తప్పు లెన్సుది కాదు, దూరానిది. యానాంలోనో బరంపురంలోనో పెద్ద వసారా ఉన్నవారు, పిల్లల ముఖాలే ఎక్కువగా తీసేవారు, యాభై కొనుక్కుని సుఖపడవచ్చు. పన్నెండు నుంచి పదిహేను అడుగుల హాలు ఉన్నవారికి 35. అంతకు చిన్నదైతే 24 లేక 28. గుంపు బొమ్మలో 24 కొసలనున్నవారిని కాస్త వెడల్పు చేస్తుంది. పిన్నిగార్లను మధ్యన కూర్చోబెట్టి బావమరదులను అంచులకు పంపండి.

ఎఫ్ 1.8 ఉన్నది గదా అని అన్నిటికీ అదే వాడకూడదు. యాభైతో అయిదు అడుగుల దూరంలో పూర్తిగా తెరిస్తే స్పష్టంగా ఉండే లోతు రెండున్నర అంగుళాలే. ముందు వరుస బాగుండి వెనుక వరుస మసకబారుతుంది. రెండు వరుసలుంటే 5.6 దగ్గర పెట్టి, కిటికీ తలుపులు తీయండి.

మా లెక్కల మీద నమ్మకం లేకపోతే డబ్బు ఖర్చు లేని పరీక్ష ఒకటున్నది. ఉన్న జూమ్ లెన్సునే ఒక ఆదివారం 35 దగ్గర తిప్పి, కదలకుండా అంటుకునే టేపు వేసి ఇల్లంతా తీయండి. వచ్చే ఆదివారం 50 దగ్గర, ఆపై ఆదివారం 24 దగ్గర. మూడు వారాలలో మీ వీపు ఎన్నిసార్లు గోడకు తగిలిందో మీకే తెలుస్తుంది. ఇదివరకు తీసిన బొమ్మలుంటే ఇంకా సులభం. ప్రతి బొమ్మ వివరాలలోనూ ఎంత నాభ్యంతరంతో తీసినదీ నమోదై ఉంటుంది. మీ పిల్లలు కంప్యూటరులో చూపిస్తారు. ఎక్కువ బొమ్మలు 18 దగ్గరే తీసి ఉంటే, మీకు చోటు చాలడం లేదన్నమాట. అలాంటివారు యాభై పేరు ఎత్తవద్దు.

బీరువాలో నాన్నగారి ఫిల్ము కెమేరా లెన్సు ఉన్నది, వాడుకోవచ్చునా అని మధురనుంచి ఒక సోదరి అడిగారు. నికాన్ అయితే 1959నుంచి వచ్చిన బిగింపే నేటి అద్దపు కెమేరాలకూ ఉన్నది. బాగా పాతవాటిని బిగించేముందు మీ కెమేరాకు సరిపడేదో కాదో బాగుచేసేవారి చేత చూపించుకోండి. అద్దం లేని కెమేరాలకైతే నడుమ ఒక లోహపు కట్టు కావాలి. ఫోకస్ చేతితో తిప్పుకోవాలి. చాలావరకు అది యాభయ్యే అయి ఉంటుంది, కనుక పైన చెప్పినదంతా దానికీ వర్తిస్తుంది. ముందు లెన్సును వెలుతురుకెదురుగా పట్టి లోపలికి చూడండి. సాలెగూటి పోగులవంటివి కనిపిస్తే అది బూజు. సముద్రతీరపు ఊళ్లలో ఇది ఎక్కువ. తోలు సంచిలో ఉంచినవాటికి మరీను. శుభ్రమయ్యేదాకా దానిని మంచి లెన్సుల ప్రక్కన పెట్టకండి. మూత గట్టిగా పట్టే డబ్బాలో తేమ పీల్చే సిలికా జెల్ పొట్లం వేసి, విడిగా ఉంచండి.