గొంగట్లో వెంట్రుకలు ఏరేవాళ్ళకి

ముందే చెప్పేస్తున్నా, నాకు ట్వీడ్ కోట్ల మీద కోపం లేదు. కోపమంతా వాటిని కొనే మనోళ్ళ మీదే.

మా ఆఫీసులో కొందరికి ఈ మధ్య కొత్త పిచ్చి పట్టుకుంది. ఇంగ్లండులో ఎప్పుడో ఎవరి కొలతలకో కుట్టిన పాత గుర్రపుస్వారీ కోట్లు, వేటకోట్లు ఆన్‌లైన్లో కొని దాచుకోవడం. వెనక చీలిక అంత పొడుగ్గా ఎందుకంటే జీను మీద కూర్చున్నప్పుడు కోటు రెండు పక్కలా పరుచుకోవాలట. జేబులు ఏటవాలుగా ఎందుకంటే గుర్రం మీదనుంచే చెయ్యి దూరాలట. పని కోసం పుట్టిన బట్టలో అందం ఉంటుంది, ఒప్పుకుంటా.

మరి అవే కళ్ళతో గొంగడిని ఎందుకు చూడరు?

మా చేర్యాల దిక్కు గొంగడి కొత్తేం కాదు. కొమురెల్లి మల్లన్న జాతరకి వచ్చే కురుమల భుజాల మీద చూడొచ్చు. దక్కనీ గొర్రెల ఉన్ని కత్తిరించి, ఏకి, ఆడవాళ్ళు వడికితే, నూలుకి చింతగింజల గంజి పట్టించి గుంట మగ్గం మీద నేస్తారు. రంగు వెయ్యరు, గొర్రె నలుపే గొంగడి నలుపు. కత్తెర పడదు, గుండీ ఉండదు. మూల మడిచి నెత్తిన వేసుకుంటే వానకి టోపీ, కప్పుకుంటే కోటు, పరుచుకుంటే పక్క. సొంత గొర్రెల ఉన్ని ఇచ్చి నేయించుకునేవాళ్ళు. ఇంతకన్నా 'బెస్పోక్' ఏముంటుందో చెప్పండి!

"గుచ్చుకుంటుంది, వాసనొస్తుంది" అంటారు. హారిస్ ట్వీడ్ గుచ్చుకోదా? దాన్ని 'క్యారెక్టర్' అంటారు, గొంగడికొస్తే మోటు అంటారు. గొంగట్లో అన్నం తింటూ వెంట్రుకలు ఏరడం అంటే ఇదే :)

మనకిది పాత రోగమే. జోధ్‌పూర్ ప్రతాప్ సింగ్ 1897లో విక్టోరియా రాణి వజ్రోత్సవానికి పోలో టీముతో లండన్ వెళ్తే, వాళ్ళు వేసుకున్న ప్యాంట్లు చూసి అక్కడోళ్ళు మోజుపడ్డారు. ఇప్పుడు మనం అవే 'జోధ్‌పర్స్'ని ఇంగ్లీషు ఫ్యాషన్ అనుకుని తిరిగి కొంటున్నాం.

హారిస్ ట్వీడ్ బతికింది పాత కోట్లు దాచుకునే వాళ్ళ వల్ల మాత్రం కాదు. 1993లో దానికోసం ఏకంగా చట్టమే చేశారు. ఔటర్ హెబ్రిడీస్ దీవుల్లో రంగేసి వడికిన ఉన్నిని, ఆ దీవులవాళ్ళు తమ ఇళ్ళల్లో చేత్తో నేస్తేనే ఆ పేరు. దానితోపాటు కొత్త బట్టకి గిరాకీ ఉంది. ఇక్కడ మనమేం చేశాం? 2017లో తెలంగాణలో గొర్రెల పంపిణీ పెట్టారు. యూనిట్‌కి 20 గొర్రెలు, ఒక పొట్టేలు, 75 శాతం సబ్సిడీ. పక్క రాష్ట్రాల నుంచి లక్షల్లో దిగాయి. లెక్కంతా మాంసానిదే, ఉన్ని ఊసే లేదు. నెల్లూరు గొర్రె తొందరగా పెరుగుతుంది కానీ ఉన్ని ఉండదు. దక్కనీ గొర్రె పోతే మగ్గమెందుకు, చింతగింజలెందుకు?

మా ఊరి బొమ్మలకి ఏమైందో చూడండి. నకాషీవాళ్ళు కథ చెప్పేవాళ్ళకి ఆర్డరు మీద పటం గీసేవారు. కాకిపడగలవాళ్ళకి ఒకటి, మందహెచ్చులవాళ్ళకి ఇంకొకటి. ఇప్పుడు చేర్యాల బొమ్మకి జీఐ గుర్తింపు ఉంది, డ్రాయింగురూముల్లో చోటుంది. గీసేవాళ్ళకి కూడు దొరికింది, సంతోషం. కానీ పటం విప్పి కథ చెప్పే గొంతులు దాదాపు పోయాయి. గొంగడిని కూడా గోడకి వేలాడదీసి మురిసిపోదామా?

కాబట్టి కలెక్టర్ మహాశయులారా, నేనడిగేది ఒక్కటే. పాత గొంగడి దొరికితే తప్పకుండా దాచండి. ఏ ఊరిది, ఎవరు నేశారు, ఏ గొర్రె ఉన్ని, రాసిపెట్టుకోండి. తర్వాత దాన్ని నేసేవాళ్ళ దగ్గరికి పట్టుకెళ్ళి అలాంటిదే కొత్తది నేయమని ఆర్డరివ్వండి. వడికిన రోజులకి, నేసిన రోజులకి లెక్కగట్టి డబ్బివ్వండి. పరాయి దేశం పాత కోటుకి అడిగినంతా ఇచ్చి, ఇక్కడ వంద తగ్గించమని బేరమాడకండి.

దక్కనీ గొర్రె మందలో ఉన్నప్పుడే ఇది కుదిరేది. ఆ తర్వాత మీ బీరువాలో మిగిలేది గుడ్డ మాత్రమే.