కథలో నవ్వు దోషమా?

వరకట్నపు దురాచారమును ఖండించుచుఁ గథలు వ్రాయువారిలోఁ గొందఱు నవ్వును గడప దాటనీయరు. కోడలు కన్నీరు కార్చుచున్న యింట హాస్య మామె కవమానమని వీరి తలంపు. తలంపు సాధువే. కాని వీరి కథలను జదువఁబూనినచో నాలుగవ పుటకే మన కన్నీరింకిపోవును. మొదటినుండి తుదివఱకు నొక్కటే యేడుపు! ఉప్పుమీఁద నుప్పు చల్లిన కూర యెవ్వరికి రుచించును?

విరామము లేని దుఃఖమునకు మనస్సు మొద్దువాఱును. కాళిదాసున కీ సంగతి తెలియును. శాకుంతలము షష్ఠాంకమున దుష్యంతుఁడు పశ్చాత్తాపముచేఁ గ్రుంగి, సంతానము లేక మరణించిన ధనమిత్రుని వార్త విని మూర్ఛిల్లును. తోడనే విదూషకుని కేక! కంటికిఁ గానరాని మాతలి యా బ్రాహ్మణుని మెడ విఱుచుచున్నాఁడు. రాజు విల్లందుకొని లేచును. రాజును విషాదమునుండి లేపుటకే యట్లు చేసితినని మాతలియే చెప్పును. ఆ నవ్వు శోకమును దుడిచివేయలేదు, శోకించువానిని నిలువఁబెట్టినది.

మన భాషలో గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కమును జూడుఁడు. అది 1892లోఁ బ్రదర్శింపఁబడి, 1897లో నచ్చయి, 1909లోఁ బెరిగి మరల వెలువడినది. నాటకమైనను గథకుల కింతకు మించిన పాఠము లేదు. పసిపిల్ల సుబ్బిని దండ్రి ముసలి లుబ్ధావధానుల కమ్మఁజూచును, తల్లి నూతఁబడును. ఇంతకన్న ఘోర మేమున్నది? అప్పుడా తల్లి తోఁబుట్టువు కరటకశాస్త్రి తన శిష్యునకుఁ జీర కట్టి, పెండ్లికూఁతురని ముసలివానికే యంటగట్టును. మనము విరగఁబడి నవ్వుదుము; కాని గుట్టు బయటపడినచో సుబ్బి గతి యేమను భయము వీడదు. ఇచ్చటి నవ్వు వెలుపలినుండి తెచ్చి యతికినది కాదు. పిల్లను సరకుగా నెంచిన బేరమే యాపదకు మూలము. ఆ బేరము మోసపోవుటయే నవ్వునకు మూలము.

అటులని ప్రతి నవ్వును నేను సమర్థింపను. కథ బరువెక్కినదని తోఁచినప్పుడెల్ల నత్తివానినో చెవిటివానినో ప్రవేశపెట్టువారు మఱియొక తెగ. (పాత నాటకపు కంపెనీల హాస్యగాండ్రు వీరికి గురువులు కాఁబోలు!) వీరు నవ్వఁదగినవానిని విడిచి, నవ్వరానివానిని జూపి నవ్వింతురు. కన్యాశుల్కమున మనము నవ్వునది లుబ్ధావధానులను జూచి. సుబ్బిని జూచి కాదు. ఈ మాత్రపు వివేక మున్న రచయితకుఁ గోడలి కథలోను నవ్వు నిషిద్ధము కాదు.

బేరము నేఁడు తలక్రిందులై వరుని వంకకుఁ దిరిగినది. 1961లోఁ జట్టము నిషేధించినను గట్నము పోలేదు. కొడుకునకు వెల కట్టుచున్న తండ్రి యేడుపుకథను రెండవ పుటలోనే మూసివేయును. పెండ్లిచూపులలోఁ గాఫీ త్రాగుచుఁ గారు రంగును గూర్చి బేరమాడు పెద్దమనిషిని చక్కఁగా వర్ణించి యాతని కిచ్చి చూడుఁడు. పొరుగువాని కథ యనుకొని సగము వఱకైనఁ జదువును.