మధ్యవర్తి ఎవరి పక్షమో రాతలో తేలాలి

మొదటి ఇల్లు కొనే కుటుంబానికి దారి చూపేది చాలా సందర్భాల్లో స్థిరాస్తి ఏజెంటే. బేరం కుదిరితేనే ప్రతిఫలం దక్కే ఆ మధ్యవర్తి అమ్మకందారు పక్షాన ఉన్నాడా, కొనుగోలుదారు పక్షాన ఉన్నాడా, ఎవరి నుంచి ఎంత కమిషన్ తీసుకుంటున్నాడు అన్న సంగతులు మొదటి రూపాయి చేతులు మారకముందే కాగితం మీదికి రావాలి. ఇప్పుడున్న చట్టం ఆ విషయంలో పట్టుబట్టడం లేదు. ఈ లోపాన్ని సవరించకుండా గృహ కొనుగోలుదారుల రక్షణ గురించి ప్రభుత్వాలు ఎన్ని ప్రకటనలు చేసినా అవి తొలిసారి ఇల్లు కొనేవారిని కాపాడలేవు.

ఆ కుటుంబం ఒడ్డుతున్నదెంతో లెక్క వేసి చూడవలసి ఉంది. అరవై లక్షల రూపాయల ఫ్లాటుకు రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం బ్యాంకు ఇవ్వగలిగిన రుణం గరిష్ఠంగా 80 శాతం, అంటే 48 లక్షలు. మిగిలిన 12 లక్షలకు తోడు తెలంగాణలో స్టాంపు సుంకం, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ రుసుము కలిపి అయ్యే 7.5 శాతం, అంటే మరో నాలుగున్నర లక్షలు, సొంతంగా సమకూర్చుకోవాలి. ఆ 48 లక్షలను 8.5 శాతం వడ్డీతో 20 ఏళ్లలో తీర్చాలంటే నెలవాయిదా 41 వేల రూపాయలు దాటుతుంది, చివరకు బ్యాంకుకు చేరే మొత్తం దాదాపు కోటి రూపాయలవుతుంది. ఏజెంటు ఒత్తిడి మీద హడావుడిగా ఇచ్చే టోకెన్ అడ్వాన్స్ అప్పుగా తెచ్చిన డబ్బులోంచి కాదు, ఏళ్ల తరబడి కూడబెట్టిన ఆ పదహారున్నర లక్షల్లోంచే పోతుందన్న సంగతి మరువరాదు.

ఏజెంటు అంటే మరొకరి తరఫున పని చేయడానికి, మూడో వ్యక్తితో వ్యవహారాల్లో వారికి ప్రాతినిధ్యం వహించడానికి నియమితుడైన వ్యక్తి అని 1872 నాటి భారత ఒప్పందాల చట్టం నిర్వచించింది. నియమించినవారు ఒకరు, ఎదుటి పక్షం మరొకరు అన్న ఈ విభజన ఇళ్ల బేరాల్లో చెరిగిపోయింది. పాత ఇళ్ల పునర్విక్రయంలో ఒకే మధ్యవర్తి ఇరుపక్షాల నుంచీ ఒక్కో శాతమో, రెండేసి శాతమో తీసుకోవడం ఆనవాయితీ. కొత్త ప్రాజెక్టుల్లో కమిషన్ బిల్డరే ఇస్తాడు కనుక కొనుగోలుదారు తనకు ఉచిత సేవ అందుతోందని భావిస్తాడు. ఆ కమిషన్ ఫ్లాటు వెలలోనే కలిసి ఉంటుంది. ఎక్కువ కమిషన్ ఇచ్చే ప్రాజెక్టునే ఏజెంటు ముందుగా చూపించడానికి, ధర తగ్గించమని గట్టిగా అడగకపోవడానికి, ఇంటి లోపాలను మెల్లగా దాటవేయడానికి కారణం అతని దుర్మార్గం కానక్కరలేదు, ప్రతిఫలం వచ్చే దారే అతన్ని అటు నడిపిస్తుంది.

పార్లమెంటు 2016లో చేసిన స్థిరాస్తి నియంత్రణ, అభివృద్ధి చట్టం, వాడుకలో రెరా, ఈ రంగానికి దేశవ్యాప్తంగా మొదటిసారి హద్దులు గీసింది. ఐదువందల చదరపు మీటర్లకు మించిన స్థలంలో గానీ, ఎనిమిది ఫ్లాట్లకు మించి గానీ కట్టే ప్రాజెక్టు రెరాలో నమోదు కాకుండా అమ్మకానికి రాకూడదు. నమోదు చేయించుకోని ఏజెంటు అలాంటి ప్రాజెక్టులో అమ్మకం జరిపించకూడదు. ప్రతి అమ్మకంలోనూ తన నమోదు సంఖ్యను పేర్కొనాలి. బుకింగ్ నాటికే కొనుగోలుదారుకు అందవలసిన పత్రాలన్నీ అందేలా చూడాలి. ఉల్లంఘించిన ఏజెంటుకు రోజుకు పది వేల రూపాయల చొప్పున, ఫ్లాటు వెలలో ఐదు శాతం దాకా జరిమానా విధించవచ్చు. ఇవన్నీ మేలైన నిబంధనలే. అయితే ఏజెంటు నమోదును విధించిన తొమ్మిదో సెక్షను ప్రమోటరు, అంటే ప్రాజెక్టు కట్టి అమ్మే సంస్థ, అమ్ముతున్న ఇళ్లకే పరిమితమైంది. ఒక యజమాని నుంచి మరొకరికి చేతులు మారే పాత ఇల్లు, పాత ఫ్లాటు దాని పరిధిలోకి రావు. కొత్త ఫ్లాటు ధర అందక పదేళ్ల నాటి ఫ్లాటు వైపు చూసే తొలి కొనుగోలుదారుకు, అంటే రక్షణ ఎక్కువ అవసరమైనవారికే, ఈ చట్టం అక్కరకు రావడం లేదు.

చట్టం పరిధిలో ఉన్నచోట కూడా ఉల్లంఘన బహిరంగంగా సాగుతోందనడానికి హైదరాబాదు చుట్టుపక్కల నడిచిన ప్రీ లాంచ్ అమ్మకాలే నిదర్శనం. నిర్మాణ అనుమతి గానీ, రెరా నమోదు గానీ రాకముందే, మొత్తం సొమ్ము ఒకేసారి కడితే మార్కెట్ ధర కంటే బాగా తక్కువకు ఫ్లాటు ఇస్తామని చెప్పి డబ్బు సేకరించడాన్ని ప్రీ లాంచ్ అంటున్నారు. ఇందులో కొనుగోలుదారు చేతికి వచ్చేది చాలాసార్లు అవిభాజ్య వాటా కాగితమే. అంటే ఆ స్థలంలో పలువురితో కలిసి ఉన్న, హద్దులు గీసి పంచని వాటా. అనుమతి రాకపోతే, లేదా సేకరించిన సొమ్మును బిల్డరు మరో స్థలం కొనుగోలుకు మళ్లిస్తే, వందలాది కుటుంబాలు కట్టని ఫ్లాటు కోసం తెచ్చిన అప్పుకు వాయిదాలు, ఉంటున్న ఇంటికి అద్దె రెండూ చెల్లిస్తూ పోలీస్ స్టేషన్ల చుట్టూ తిరగవలసి వస్తుంది. వసూలైన సొమ్ములో 70 శాతాన్ని ప్రాజెక్టు స్థలానికి, నిర్మాణానికి మాత్రమే వాడేలా ప్రత్యేక ఖాతాలో ఉంచాలన్న నిబంధనా, విక్రయ ఒప్పందం రిజిస్టరు కాకుండా వెలలో పది శాతానికి మించి తీసుకోరాదన్న నిబంధనా ఇలాంటి దుస్థితిని నివారించడానికే వచ్చాయి. ఈ అమ్మకాలను ఇంటింటికీ మోసుకెళ్లినవారు ఏజెంట్లు. బిల్డరు మీద కేసు నమోదైనప్పుడు వారి పాత్ర మీద కూడా అంతే గట్టిగా విచారణ జరిగి తీరాలి.

పత్రాల విషయంలోనూ ఏజెంటు భరోసా ప్రమాణం కాజాలదు. రిజిస్టరైన దస్తావేజు లావాదేవీకి సాక్ష్యమే తప్ప, యాజమాన్యానికి ప్రభుత్వం ఇచ్చిన హామీ కాదు. ఆస్తి మీద నమోదైన అమ్మకాలు, తాకట్లు చూపే ఈసీని, పాత యజమానుల వరుసను తెలిపే లింకు డాక్యుమెంట్లను, భవనం అనుమతి ప్రకారమే పూర్తయిందని ధ్రువీకరించే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్టును కొనుగోలుదారు స్వయంగా నియమించుకున్న న్యాయవాది పరిశీలించాలి. బ్యాంకు రుణం మంజూరు చేసిందంటే పత్రాలు సక్రమమే అన్న వాదన కూడా సరికాదు. బ్యాంకు న్యాయవాది చూసేది బ్యాంకు ప్రయోజనం. హైదరాబాదు చెరువుల ఉదంతమే ఇందుకు ఉదాహరణ. చెరువు పూర్తిగా నిండినప్పుడు నీరు చేరే హద్దును ఎఫ్‌టీఎల్ అంటారు. 2024 జులైలో ఏర్పడిన హైడ్రా, అంటే హైదరాబాదు విపత్తు స్పందన, ఆస్తుల పరిరక్షణ సంస్థ, ఆ హద్దు లోపలి నిర్మాణాలను కూల్చడం మొదలుపెట్టినప్పుడు, రిజిస్ట్రేషనూ బ్యాంకు రుణమూ రెండూ ఉన్న ఇళ్లు సైతం భద్రం కావన్న నిజం నగరమంతటికీ తెలిసివచ్చింది.

నిబంధనలు పెంచితే వీధి చివర చిన్న గదిలో పని చేసుకునే మధ్యవర్తి బతుకు దెబ్బతింటుందన్న అభ్యంతరాన్ని తేలిగ్గా తీసివేయలేము. ఏ వీధిలో మంజీరా నీళ్లు వస్తాయో, ఏ సందులో వాన నీరు నిలుస్తుందో తెలిసిన ఆ మనిషి అనుభవానికి విలువ ఉంది, ఆ అనుభవానికి రుసుము తీసుకోవడం న్యాయమే. రుసుమును బయటపెట్టమంటే నష్టపోయేది దాచి సంపాదించేవారే. మహారాష్ట్ర రెరా 2023లో ఏజెంట్లకు శిక్షణ, పరీక్ష తప్పనిసరి చేసింది. హర్యానా 2008లోనే స్థిరాస్తి డీలర్లకు లైసెన్సు విధిస్తూ ప్రత్యేక చట్టం చేసుకుంది. తెలుగువారు పెద్దసంఖ్యలో ఇళ్లు కొంటున్న అమెరికాలో స్థిరాస్తి ఏజెంట్ల జాతీయ సంఘం ఒక దావాలో కుదుర్చుకున్న రాజీ ఫలితంగా, కొనుగోలుదారుతో రుసుము పేర్కొన్న రాతపూర్వక ఒప్పందం చేసుకున్న తర్వాతే ఇల్లు చూపించే పద్ధతి 2024 ఆగస్టు నుంచి అమలులోకి వచ్చింది.

వ్యవసాయేతర ఆస్తి బదిలీ, దస్తావేజుల రిజిస్ట్రేషన్, ఏజెన్సీతో సహా ఒప్పందాలు రాజ్యాంగంలోని ఉమ్మడి జాబితాలో ఉన్నాయి కనుక, రెరా వదిలేసిన పునర్విక్రయాల మీద చట్టం చేసే అధికారం ఆంధ్రప్రదేశ్, తెలంగాణ శాసనసభలకు ఉంది. పునర్విక్రయ ఏజెంట్లందరికీ నమోదు తప్పనిసరి చేయాలి. ఏజెంటు పేరు, నమోదు సంఖ్య, ఇరుపక్షాల నుంచీ తీసుకున్న కమిషన్ విక్రయ దస్తావేజులో రాయాలి. రెండు వైపులా రుసుము తీసుకునే పక్షంలో ఇద్దరి లిఖితపూర్వక సమ్మతీ ఉండాలి. నమోదు లేకుండా అమ్మకాలు జరిపించినవారి మీద విధించిన జరిమానాల వివరాలను రెండు రాష్ట్రాల రెరాలూ పేర్లతో సహా ప్రకటించాలి. ఆ చట్టం వచ్చేదాకా మొదటి ఇల్లు కొనేవారు తమ ఏజెంటు ఎవరి తరఫున పని చేస్తున్నాడో, ఎవరి వద్ద ఎంత తీసుకుంటున్నాడో సంతకంతో రాసి ఇవ్వమని అడగాలి. కొత్త ప్రాజెక్టు అయితే రెరా నమోదు సంఖ్యను కూడా అందులో చేర్చమనాలి. ఆ కాగితం ఇవ్వడానికి వెనకాడే ఏజెంటు చేతికి టోకెన్ డబ్బు ఇవ్వవద్దు.