ధర పలకని ఊరు

2023 ఆగస్టులో హైదరాబాదు కోకాపేట వేలంపాటలో ఎకరం భూమి నూరు కోట్ల రూపాయలు దాటింది. పత్రికలు ఆ వార్తను పండుగలా అచ్చువేశాయి. భూమి ధర పెరగడమే అభివృద్ధికి ఆనవాలని నమ్మే కాలమిది. ఇలాంటి కాలంలో ఇంటికి బహిరంగంగా ధరే పలకని ఒక ఊరి గురించి రాయడం కొందరికి వింతగా తోచవచ్చు. కానీ ఆ ఊరికి కూడా ధర వచ్చే రోజులు దగ్గరపడుతున్నాయి. అది ఎవరి చేతికి దక్కుతుందన్నదే ప్రశ్న.

భద్రాచలం నుంచి చింతూరు మీదుగా ముప్పయ్యవ నంబరు జాతీయ రహదారి పట్టుకొని వెళితే ఛత్తీస్‌గఢ్‌లో మొదట తగిలే పట్టణం కొంటా. మన పత్రికలు కుంట అని రాస్తాయి. బస్తర్‌కు అది దక్షిణపు కొస. శబరి నదికి ఆవలి గట్టున ఒడిశా, కిందికి దిగితే ఆంధ్రప్రదేశ్. రాజధాని రాయపూర్ నాలుగు వందల కిలోమీటర్లకు పైబడిన దూరం. భద్రాచలం పూట ప్రయాణం కూడా కాదు. బతుకు అవసరాలు దక్షిణానికి లాగుతాయి, భూమి కాగితాలు ఉత్తరానికి తిప్పుతాయి. ఈ ఊళ్లో ఇంటి విలువను తేల్చేవి గదుల లెక్క, గోడల గట్టిదనం మాత్రమే కావు. కాగితం, నీరు, భయం అనే మూడు కలిసి తేలుస్తాయి.

మొదటిది కాగితం. బస్తర్ ఐదవ షెడ్యూలు ప్రాంతం. ఛత్తీస్‌గఢ్‌లో నేటికీ అమల్లో ఉన్న 1959 నాటి భూ రెవెన్యూ కోడ్‌లోని 165వ సెక్షను ఆరవ ఉపసెక్షను ప్రకారం, నోటిఫై చేసిన ప్రాంతాల్లో ఆదివాసీ భూమి గిరిజనేతరులకు బదిలీ కారాదు. చేతులు మారిన భూమిని తిరిగి ఇప్పించడానికి 170-బి సెక్షను ఉంది. మన ప్రాంతంలో 1/70 చట్టం ఏ పని కోసం పుట్టిందో, అక్కడ ఇవి ఆ పని కోసమే ఉన్నాయి. ఇటు అనుభవం ఉన్నవారికి అటు జరిగేది విడమరచి చెప్పనక్కరలేదు. చట్టం అమ్మకాన్ని ఆపింది, అవసరాన్ని ఆపలేదు. రిజిస్ట్రీ కాని చోట సాదా కాగితం పుడుతుంది, అదీ చెల్లని చోట నోటిమాట పుడుతుంది, మరికొన్ని చోట్ల ఆదివాసీ పేరు ముందుంటుంది, పెట్టుబడి వెనకుంటుంది. అమ్మిన ఆదివాసీకి పూర్తి ధర రాదు, ఎందుకంటే కొన్నవాడు చట్టపు భయాన్ని ధరలో తగ్గించుకుంటాడు. కొన్నవాడికి పూర్తి హక్కు రాదు. బ్యాంకు అప్పివ్వదు. ఇద్దరి బలహీనత మీద మధ్యవర్తి బతుకుతాడు.

రెండవది నీరు. 1986 ఆగస్టులో భద్రాచలం వద్ద గోదావరి 75.6 అడుగులకు చేరింది. 2022 జూలైలో మళ్లీ 71.3 అడుగులు దాకా వచ్చింది. గోదావరి పోటెత్తితే శబరి దిగువకు పోలేక వెనక్కి తంతుంది. ఆ వెనకపోటు చింతూరును, కొంటాను ఒకేసారి ముంచుతుంది. 2022లో అదే జరిగింది, రహదారి కూడా తెగిపోయింది. ఇలాంటి ఊళ్లో ఇల్లు చూడడానికి వచ్చినవారు కప్పు కంటే ముందు గోడ మీది నీటి మరక చూస్తారు. వరద ఎంతవరకు వచ్చిందన్న ప్రశ్నకు గోడ చెప్పే జవాబు ఏ దస్తావేజులోనూ ఉండదు.

ఈ నీటికి తోడు పోలవరం. 1980లో బచావత్ ట్రిబ్యునల్ అవార్డు వచ్చినప్పుడు 36 లక్షల క్యూసెక్కుల వరద ప్రాతిపదిక. తరువాత స్పిల్‌వే రూపకల్పనకు 50 లక్షల క్యూసెక్కులు ప్రమాణం అయింది. లెక్క మారినప్పుడు వెనక జలాల హద్దు కూడా మారాలి కదా అని ఒడిశా, ఛత్తీస్‌గఢ్ సుప్రీంకోర్టుకెక్కాయి. ముంపు రాకుండా శబరి, సీలేరుల వెంట కరకట్టలు కడతామన్నది ఆంధ్రప్రదేశ్ జవాబు. ఒకే నది, ఒకే ఆనకట్ట. దిగువన చింతూరు మండలం 2014లో ముంపు మండలంగా ఆంధ్రప్రదేశ్‌లో కలిసింది. అక్కడివారికి అరకొరగానైనా పరిహారం, పునరావాసం అనే మాటలున్నాయి. సరిహద్దు దాటి కొంటాకు వస్తే ఇంకా పుట్టని కరకట్ట ఉంది. ముంపు ఊరని ఎవరూ ప్రకటించలేదు, కాదని కూడా ఎవరూ హామీ ఇవ్వలేదు. ఇలా వేలాడే ఊళ్లో ఇల్లు కట్టుకునేవాడు పునాది లోతుగా వేయడానికి జంకుతాడు, అమ్మేవాడు అయినకాడికి అమ్ముతాడు.

మూడవది భయం. 2005లో మొదలైన సల్వాజుడుం దక్షిణ బస్తర్ పల్లెలను ఖాళీ చేయించింది. కొంటా, ఎర్రబోరు, ఇంజరం, దోర్నపాల్ శిబిరాల ఊళ్లయ్యాయి. వేలాది కుటుంబాలు సరిహద్దు దాటి నాటి ఖమ్మం జిల్లా అడవుల్లోకి వచ్చాయి. మనం వారిని గుత్తికోయలు అంటున్నాం. 2011 జూలై 5న సుప్రీంకోర్టు ప్రత్యేక పోలీసు అధికారుల నియామకాన్ని రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేసింది. కానీ తీర్పు వచ్చినంత మాత్రాన వదిలివచ్చిన పొలం, కూలిపోయిన ఇల్లు తిరిగిరావు. అటవీ హక్కుల చట్టంలోని ఒక నిబంధన, అక్రమంగా వెళ్లగొట్టబడినవారికి ప్రత్యామ్నాయ భూమి హక్కు ఇస్తుంది. అయితే 2005 డిసెంబరు 13కు ముందు వెళ్లగొట్టబడి ఉండాలి. జుడుం మొదలైందే ఆ ఏడాది జూన్‌లో. ఆ తేదీ తరువాత ఇల్లు కాలినవారు ఆ నిబంధనకు బయటివారు.

ఇప్పుడు ఈ మూడింటిలో భయం తొలగిపోతున్నదని ప్రభుత్వం చెబుతోంది. మావోయిస్టు ఉద్యమం ముగింపునకు కేంద్ర హోంమంత్రి అమిత్ షా 2026 మార్చి 31ని గడువుగా ప్రకటించారు. శాంతి రావడాన్ని కాదనేవారు ఎవరుంటారు? రోడ్లు పడుతున్నాయి. మల్కనగిరి నుంచి భద్రాచలం మీదుగా పాండురంగాపురం వరకు 173 కిలోమీటర్ల రైలుమార్గానికి 2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. కొత్తగూడెం నుంచి కిరందుల్‌కు సుక్మా జిల్లా మీదుగా మరో మార్గం సర్వేలో ఉంది. రైలు రాకముందే రైలు పేరు చెప్పి స్థలం బేరమాడేవారు వస్తారన్నది మన తెలుగు రాష్ట్రాలు కళ్లారా చూసిన సంగతి. భయం పోగానే ధర లేస్తుంది. కాగితం తేలకుండా, నీటి హద్దు తేలకుండా లేచిన ధర ముందుగా తెలిసినవాడికి లాభం, చివరగా తెలుసుకున్నవాడికి నష్టం.

పరిష్కారంగా ఒక వాదన వినిపిస్తుంటుంది: నిషేధం ఎత్తేయండి, ఆదివాసీకి మార్కెట్ ధర దక్కుతుంది. పైకి న్యాయంగానే ఉంటుంది. ఆదివాసీ తన భూమిని తాకట్టు పెట్టి బిడ్డను చదివించుకోలేకపోవడం నిజమైన బాధే. కానీ మార్కెట్ ధర అనేది బేరమాడే శక్తి ఉన్నవాడికి దక్కే ధర. తరిమివేయబడి ఇరవై ఏళ్లుగా పరాయి రాష్ట్రంలో గుడిసె వేసుకున్న మనిషికి ఆ శక్తి ఎక్కడిది? తన భూమి చేతులు మారిన సంగతి కూడా అతనికి తెలియకపోవచ్చు. 2017 డిసెంబరులో రమణ్ సింగ్ ప్రభుత్వం సమ్మతి పేరుతో ఆదివాసీ భూమిని ప్రభుత్వమే కొనడానికి వీలుగా 165వ సెక్షనును సవరించింది. సర్వ ఆదివాసీ సమాజం వీధికెక్కింది, నెల తిరగకుండానే సవరణ వెనక్కిపోయింది. ఆ పోరాటం వృథా కారాదు.

అసలు కీలకం మరొక చట్టంలో ఉంది. 2013 భూసేకరణ చట్టం 26వ సెక్షను పరిహారాన్ని మార్కెట్ విలువపై కడుతుంది. క్రయవిక్రయాలపై నిషేధం ఉన్నచోట, మూడేళ్లలో రిజిస్టరైన దస్తావేజులు దొరకని చోట, పక్క ప్రాంతాల ధరను ఆధారం చేసుకొని రాష్ట్ర ప్రభుత్వమే కనీస ధర నిర్ణయించాలని ఆ సెక్షను చెబుతుంది. అంటే ధర పలకని ఊరికి ధర కట్టే బాధ్యతను చట్టం ప్రభుత్వం నెత్తిన పెట్టింది. కొంటా వంటి ఊరికి ఇది ప్రాణవాయువు. అయితే ఏ పక్క? అదే బంధంలో ఉన్న మరో షెడ్యూలు పల్లెను ఆధారం చేసుకుంటే సున్నాను సున్నాతో కొలిచినట్లే. సొలేషియం నూరు శాతం అన్నారు గాని, తక్కువ ధరను రెట్టింపు చేసినా అది తక్కువే. దిగువన పోలవరం నిర్వాసితుల గాథ ఇదే చెబుతుంది. తొలి రోజుల్లో ఎకరాకు లక్షన్నరకు అటూ ఇటూ పరిహారం తీసుకొన్నవారికి తరువాత ఐదు లక్షలకు పెంచుతామన్న హామీలు ఇవ్వవలసి వచ్చింది. మొదటి లెక్క తప్పితే జీవితకాలం దానిని దిద్దుకోవడంతోనే సరిపోతుంది.

కాబట్టి ధర కంటే ముందు మూడు పనులు జరగాలి. ఒకటి, ఆనకట్ట పూర్తిస్థాయి మట్టం 45.72 మీటర్లకు నిండి, పెద్ద వరద కూడా వచ్చినప్పుడు నీరు ఎక్కడిదాకా వస్తుందో మూడు రాష్ట్రాలూ కలిసి కొలిచి, కొంటా వీధుల్లో రాయి పాతి చూపాలి. పటాల్లో ఉన్న హద్దు ప్రజలకు అక్కరకు రాదు. రెండు, 26వ సెక్షను కింద కనీస ధరను సేకరణ నోటీసు వచ్చాక కాదు, ఇప్పుడే, గ్రామసభల ముందు చర్చించి ప్రకటించాలి. మూడు, రైలు, రోడ్డు పేరుతో భూములు చేతులు మారకముందే, వలసపోయిన కుటుంబాల పేర్లు పట్వారీ రికార్డుల్లో చెరిగిపోకుండా స్తంభింపజేయాలి. వారు తిరిగివస్తారా, రారా అన్నది వారి ఇష్టం. భూమి మాత్రం వారి పేరున వేచి ఉండాలి.

తరాలుగా అక్కడ అంగడి నడుపుకొంటున్న తెలుగు కుటుంబాల మాటేమిటని మన పాఠకులు అడుగుతారు. అడగవలసిన ప్రశ్నే. నివసించే ఒక్క ఇల్లు వేరు, పెట్టుబడి పెట్టి ఎదురుచూసే పది స్థలాలు వేరు. ప్రభుత్వ భూమిలో ఉన్న నివాసానికి పట్టా ఇవ్వడం ధర్మం. ఆదివాసీ భూమిలో ఉన్నదాన్ని క్రమబద్ధం చేయమనడం మాత్రం పాత అన్యాయానికి కొత్త ముద్ర వేయమనడమే. మనవాళ్లు కదా అని ఈ తేడాను చెరిపేయలేం. 1/70 విషయంలో ఏజెన్సీలో మనం ఏ మాట చెప్పామో సరిహద్దు దాటాక అదే మాట చెప్పాలి.

కుంట అంటే తెలుగులో చిన్న చెరువు. ఆ ఊరి పేరు నిజంగానే చెరువుగా మారకముందు, అక్కడి ప్రతి ఇంటికీ ఒక హద్దు, ఒక పేరు, ఒక కనీస ధర రాసి ఉంచడం మూడు ప్రభుత్వాలకూ సాధ్యమే. తుపాకులు మౌనం వహించిన మరునాడు అక్కడికి మొదట వెళ్లవలసినవాడు స్థలాల బ్రోకరు కాదు, హక్కుల పత్రం పట్టుకున్న పట్వారీ.