ఒంటిరెబ్బ వెల్లుల్లి: మూడు కుండీలు చెప్పిన నిజం

ఒకే రెబ్బగా ఊరిన వెల్లుల్లికి పలు రెబ్బల పాయకు లేని మహత్తు ఉన్నదనీ, గుండెకు, రక్తపోటుకు అదే దివ్యౌషధమనీ మన ఇళ్లలో ఒక గట్టి నమ్మకం ఉన్నది. మూలికల అంగడిలో మామూలు వెల్లుల్లికి నాలుగు రెట్లు ధర పెట్టి దానిని కొని, ప్రతి ఉదయం పరగడుపున నమిలి మింగేవారిలో నేనూ ఒకడిని. గత చలికాలంలో మా మనుమరాలు హైదరాబాదులోని మా డాబా మీద పెంచిన మూడు కుండీలు ఈ నమ్మకాన్ని మళ్లీ తరచి చూసుకొనేటట్లు చేసినవి.

ఆ బాలిక తొమ్మిదవ తరగతి చదువుతున్నది. పెరిగే పరిస్థితులు మారితే గడ్డ ఎలా మారుతుందో పాఠశాల విజ్ఞాన ప్రదర్శనలో చూపదలచినది. ఒకే రకం వెల్లుల్లి రెబ్బలు తీసుకొని, కొన్నింటిని కాగితపు సంచిలో వేసి ఐదు వారాలు ఫ్రిజ్‌లో ఉంచినది. కొన్నింటిని వంటింటి గూటిలోనే వదిలినది. నవంబరు మొదటి వారంలో ఒకే మట్టి, ఒకే ఎరువు నింపిన మూడు కుండీలలో ఆరేసి రెబ్బలు నాటినది. మొదటి దానిలో గూటిలోని రెబ్బలు, రెండవ దానిలో చలి సోకిన రెబ్బలు. ఈ రెండూ ఎండలో పెరిగినవి. మూడవ దానిలోనూ చలి సోకినవే, కాని ఆ కుండీని మాత్రం నీడలో ఉంచినది.

మార్చి నెలాఖరున ఆకులు పండుబారిన పిమ్మట తవ్వి చూశాము. నీడ కుండీలో సన్నని, పొడుగాటి ఆకులే తప్ప గడ్డ ఊరలేదు. చలి సోకి ఎండలో పెరిగినవి చిన్నవే అయినా చక్కగా రెబ్బలు విడిన పాయలైనవి. చలి సోకని కుండీలో ఆరింటికి నాలుగు, ఉసిరికాయ కంటె చిన్నవైన గుండ్రని ఒంటిరెబ్బ గడ్డలు!

"తాతయ్యా, నువ్వు అంత ధర పెట్టి కొనేది ఇదే కదా! దీనికి చలి చాలలేదు, అంతే" అన్నది మనుమరాలు. నాకు సమాధానం తోచలేదు.

ఆరు రెబ్బలతో శాస్త్రం తేలదన్న మాట నిజమే. అయితే వ్యవసాయ శాస్త్రజ్ఞులకు ఇది పాత సంగతే. వెల్లుల్లి రెబ్బలుగా విడిపోవడానికి కొన్ని వారాల చల్లదనం కావాలి. అది చాలకపోయినా, మరీ చిన్న రెబ్బను నాటినా, అదను దాటి నాటినా విడని గడ్డ ఏర్పడుతుంది. ఉల్లికి పగటి నిడివి ముఖ్యం. మన దేశపు రకాలకు 11, 12 గంటల పగలు చాలును. 14 గంటలకు పైగా పగలు కోరే ఐరోపా రకాలను ఇక్కడ నాటితే ఆకులే మిగులుతాయి.

మరి వెల్లుల్లి గుణం ఎక్కడ ఉన్నది? రెబ్బను నలిపినప్పుడు అందులోని అల్లిన్ అనే పదార్థం అల్లినేజ్ అనే ఎంజైముతో కలిసి ఘాటైన అల్లిసిన్‌గా మారుతుంది. దీనిని 1944లో కవల్లితో, బెయిలీ అనే అమెరికా శాస్త్రజ్ఞులు వేరుచేసి చూపినారు. అల్లిసిన్‌లో గంధకం ఉంటుంది. కనుక నేలలో గంధకం లభ్యతను బట్టి ఘాటు మారుతుంది. నలిపిన వెంటనే వేడి చేస్తే ఎంజైము నశిస్తుంది; కనుక పది నిమిషాలు ఆగడం మేలు. వీటిలో దేనికీ రెబ్బల లెక్కతో పని లేదు.

ఇది మన శాస్త్రానికి విరుద్ధమని కొందరు అనుకొనవచ్చును. నా అభిప్రాయం వేరు. ఔషధం ఎటువంటి నేలలో, ఏ ఋతువులో పెరిగినదో చూసి గ్రహించవలెనని చరక సంహిత కల్పస్థానం విధించినది. సుశ్రుత సంహిత సూత్రస్థానంలో ఔషధ భూమి గురించి ప్రత్యేకంగా ఒక అధ్యాయమే ఉన్నది. ఆరు రసాలలో ఆమ్లమొక్కటే లోపించినది గనుక వెల్లుల్లికి రసోనమని పేరు పెట్టినంత సూక్ష్మంగా పరిశీలించినవారు మన పూర్వులు. వారి పేరు చెప్పుకొనే మనం మాత్రం పరిశీలన మాని, ధరను బట్టి గుణాన్ని నిర్ణయిస్తున్నాము.

ఇందువలన కలిగే నష్టం డబ్బుతో పోదు. మా బావగారు ఒంటిరెబ్బ వెల్లుల్లి మీది గురితో రక్తపోటు మాత్రలు తమంతట తామే మానివేసినారు. రెండు నెలలకు కళ్లు తిరిగి పడిపోతే ఆసుపత్రికి చేర్చవలసి వచ్చినది. ఆయనకు ఆ వెల్లుల్లిని మొదట ఇచ్చినది నేనే. మాత్రలు మానమని నేను చెప్పలేదు. కాని నేను పొగిడిన తీరే ఆయనకు ఆ ధైర్యం ఇచ్చినది. ఆ బాధ నన్ను ఇంకా వదలలేదు.

వెల్లుల్లిని మానమని నేను చెప్పడం లేదు. అది మంచి ఆహారం, మేలు చేసే దినుసు. అంగడిలో గట్టిగా, బరువుగా, మొలకెత్తని పాయను ఎంచుకొనండి. రెబ్బలు ఎన్నని లెక్కించనక్కరలేదు. రక్తం పలుచబరచే మందులు వాడేవారు, శస్త్రచికిత్సకు సిద్ధమయ్యేవారు వైద్యునికి చెప్పనిదే దీనిని ఔషధంగా సేవించరాదు. రక్తపోటు మాత్రలకు ఇది ప్రత్యామ్నాయం కానే కాదు.

వచ్చే చలికాలంలో మీ పిల్లలకు కూడ మూడు కుండీలు, గుప్పెడు రెబ్బలు ఇచ్చి చూడండి. ఖర్చు స్వల్పం, కావలసినది ఐదు నెలల ఓపిక. తవ్వి తీసే రోజున పెద్దలు కూడ పక్కన కూర్చొనడం మంచిది.