మాత్ర మానొద్దు, కార్డులో రాయించండి

మామిడి కోతల కాలంలో విస్సన్నపేట వైపు గడ్డిలో మాగేసిన రసాలు లేని ఇల్లు అరుదు. ఆ రోజుల్లో కడుపుతో ఉన్న కోడలికి విరేచనంలో నెత్తురు పడితే అత్తగారి తీర్పు సిద్ధం: "పండు తిన్నావుగా, వేడి చేసింది." పండు మానినా తగ్గకపోతే, "మొలలు లేమ్మా, ఈ నెలల్లో మామూలే." చాలామందికి అవి మొలలే కావచ్చు. కానీ జిగట, కడుపునొప్పి, అర్ధరాత్రి లేపే విరేచనం వారాల తరబడి వదలకపోతే అల్సరేటివ్ కొలైటిస్, క్రోన్స్ లాంటి పేగు జబ్బులను అనుమానించాలి. ఇవి పట్నం జబ్బులన్న మాట పాతబడింది. హైదరాబాద్ ఏఐజీ ఆసుపత్రి వైద్యులు తెలంగాణ పల్లెల్లోనూ వీటిని గుర్తించారు.

జబ్బు ముందే బయటపడిన ఇళ్లలో జరిగేది మరో పొరపాటు. నెల తప్పగానే, బిడ్డకు మంచిది కాదంటూ మాత్రలు అటకెక్కిస్తారు. అసలు ముప్పు అక్కడే. జబ్బు తిరగబెడితే నెలలు నిండకుండా కాన్పయ్యే, బిడ్డ తక్కువ బరువుతో పుట్టే ప్రమాదం పెరుగుతుంది. మెసలమైన్, అజాథయోప్రిన్ డాక్టరు చూస్తుండగా కొనసాగించవచ్చు. మెథోట్రెక్సేట్ మాత్రం బిడ్డకు హాని. గర్భానికి కనీసం 3 నెలల ముందే డాక్టరు సలహాతో వేరే మందుకు మారాలి. అమెరికాలో 1,490 గర్భాలను పరిశీలించి 2021లో వెలువడిన పియానో అధ్యయనంలో, ఇన్‌ఫ్లిక్సిమాబ్ లాంటి ఇంజెక్షన్లతో పుట్టుకలోపాలు పెరిగినట్టు తేలలేదు.

అయితే రోగనిరోధక శక్తిని అణచే ఆ ఇంజెక్షన్ మందు మాయ దాటి బిడ్డ ఒంట్లోకి చేరి నెలల పాటు ఉంటుంది. మన దగ్గర పుట్టగానే వేసే బీసీజీ టీకాలో బతికున్న సూక్ష్మజీవి ఉంటుంది. అందుకే ఆ ఇంజెక్షన్లు వాడిన తల్లి బిడ్డకు బీసీజీని కనీసం తొలి 6 నెలలు ఆపమంటారు. పెంటావాలెంట్ టీకా మాత్రం వేళకే పడాలి. తల్లిపాలకు అడ్డులేదు.

ఇదంతా కాన్పు గదిలో నర్సుకు చెప్పేదెవరు? మందు రాసిన పేగుల డాక్టరు విజయవాడలో, కాన్పు నూజివీడులో. రెండింటికీ మధ్య తిరిగేది తల్లీబిడ్డల కార్డొక్కటే. ప్రతి నెలా 9న సర్కారు ఆసుపత్రుల్లో గర్భిణులకు పరీక్షలు చేస్తారు. ఆ రోజే జబ్బు పేరు, మందు పేరు, చివరి ఇంజెక్షన్ తేదీ, "బీసీజీ ఇప్పుడు వద్దు" అన్న మాట కార్డు మీద ఎర్ర సిరాతో రాయాలి. నొప్పులు పడుతున్న మనిషి గుర్తుపెట్టుకుని చెప్పాల్సిన సంగతి కాదిది. అడిగి రాసే బాధ్యతను ఆరోగ్యశాఖ ఏఎన్ఎంలకు అప్పగించాలి.