భయమేస్తే సెప్పీరా!

సూదంటే నాకు భయం. ఈ మాట ఒప్పుకోవడానికి మూడేళ్ళు పట్టింది.

ఫస్టియర్‌లో మన కాలేజీలో రక్తదాన శిబిరం పెట్టారు. 18 నిండాయి, బరువు 45 కిలోలు దాటింది, హిమోగ్లోబిన్ కూడా 12.5 పైనే ఉంది. అన్నీ సరిపోయాయి. కానీ ముందున్నవాడి చేతిలోకి సూది దిగడం చూశాను. చెవుల్లో హోరు, ఒళ్ళంతా చెమట. "నిన్న జ్వరం మాత్ర వేసుకున్నాను సార్" అని అబద్ధం చెప్పి వచ్చేశాను. హాస్టల్లో తెలిసిపోయింది. "కోటబొమ్మాళి గుంటడు సూదికి దడిసిపోయాడ్రోయ్" అని నెల రోజులు ఏడిపించారు. తర్వాతి రెండు క్యాంపులకీ బస్సెక్కి ఇంటికెళ్ళిపోయాను.

మా పెద్దమ్మది ఉద్దానంలో, కవిటి వైపు ఊరు. అక్కడి కిడ్నీ జబ్బు గురించి మన జిల్లావాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. ఆమెకి వారానికి మూడుసార్లు డయాలసిస్. ప్రతిసారీ రెండు సూదులు: ఒకటి రక్తం బయటికి తీయడానికి, ఇంకోటి శుభ్రమైన రక్తం లోపలికి పంపడానికి. కిడ్నీలు పాడైతే రక్తం తయారవడానికి కావలసిన హార్మోన్ కూడా తగ్గిపోతుంది. అలా ఒకసారి ఆమెకి రక్తం ఎక్కించాల్సి వచ్చింది. ఎవరో ఇచ్చిన రక్తం. ఆ ఎవరో నేను కాదు.

సంక్రాంతికి వెళ్ళినప్పుడు అడిగాను, "సూదులు అలవాటైపోయాయా పెద్దమ్మా?" అని.

"అలవాటేటిరా! ఇప్పటికీ భయమే. భయమేస్తే సెప్పీరా. నాను పెతీసారీ సెప్తాను. సెప్తే నర్సమ్మ నా సెయ్యి పట్టుకుంటాది."

నేను దాచాను, ఆవిడ చెప్పింది. తేడా అంతే.

తర్వాత ఈ భయం గురించి చదివాను. మామూలు భయాల్లో గుండె వేగం, బీపీ పెరుగుతాయి. రక్తం, సూది భయంలో మాత్రం చాలామందికి బీపీ ముందు పెరిగి, ఒక్కసారిగా పడిపోతుంది. అందుకే కళ్ళు తిరుగుతాయి. ఇది పిరికితనం కాదు, శరీరం చేసే పని. స్వీడన్ మనస్తత్వవేత్త లార్స్ గోరాన్ ఓస్ట్ 1980లలో దీనికో సులువైన ఉపాయం అభివృద్ధి చేశారు. కాళ్ళు, పొట్ట, చేతుల కండరాలు పది పదిహేను సెకన్లు గట్టిగా బిగించాలి, ముఖం వేడెక్కేదాకా. తర్వాత అరనిమిషం వదిలెయ్యాలి. ఇలా ఐదుసార్లు. బీపీ పడిపోకుండా ఉంటుంది. సూది గుచ్చే చేతిని మాత్రం బిగించకూడదు. ముందే కడుపునిండా తిని, అర లీటరు నీళ్ళు తాగితే ఇంకా మంచిది.

మొన్నటి క్యాంపులో వెళ్ళగానే చెప్పేశాను, "మేడమ్, నాకు సూదంటే భయం" అని. ఆవిడ నవ్వలేదు. పడుకోబెట్టి, "అటు చూడు బాబూ" అని, మా కొత్తమ్మ తల్లి జాతర గురించి అడగడం మొదలుపెట్టారు. నేను కాళ్ళు బిగిస్తూ జవాబులు చెప్పాను. పది నిమిషాల్లోపే 350 మిల్లీలీటర్లు అయిపోయింది. ఆ సూదిని నేను ఇప్పటికీ చూడలేదు.

"భయపడేవాళ్ళు ఎందుకు, ధైర్యవంతులు చాలరా?" అంటారు కొందరు. చాలరు. ప్లేట్‌లెట్లు సాధారణంగా ఐదు రోజులకి మించి నిల్వ ఉండవు. ఒకసారి ఇచ్చిన అబ్బాయి మళ్ళీ ఇవ్వడానికి 90 రోజులు, అమ్మాయి అయితే 120 రోజులు ఆగాలి. సెలవుల్లో కాలేజీలు ఖాళీ అయినా రోగాలకి సెలవుల్లేవు కదా!

అందుకే క్యాంపు నడిపే మిత్రులకి ఒక మాట. వచ్చినవాళ్ళని "ఎవరికైనా భయంగా ఉందా?" అని ముందే అడగండి. వాళ్ళకి మూల మంచం ఇవ్వండి, పక్కన ఒకరిని కూర్చోబెట్టండి. అప్పటికీ వద్దంటే వదిలెయ్యండి, ఇది దానం, హాజరు కాదు. ఎగతాళి మాత్రం చెయ్యకండి. నా మీద నవ్విన నవ్వుల ఖరీదు రెండు క్యాంపులు.

ఇక నాలాంటి దడుపుగాళ్ళకి మా పెద్దమ్మ మాటే: భయమేస్తే సెప్పీరా!